బిందెల లెక్క పొలందాకా వెళితే...

కుళాయి రెండురోజులు రాలేదనుకోండి. మనం ఏం చేస్తాం? ముందుగా ఇంట్లో ఎన్ని బిందెల నీళ్ళున్నాయో చూసుకుంటాం. తాగడానికి ఇన్ని, వంటకి ఇన్ని, అంట్లకి ఇన్ని అని విడదీస్తాం. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోస్తాం. దుప్పట్లు ఉతకడం వచ్చే వారానికి వాయిదా వేస్తాం. అంతేగానీ, ఉన్న నాలుగు బిందెలూ దుప్పట్లకి పోసేసి, ఆనక తాగడానికి లేవంటూ పక్కింటి తొట్టికి కన్నం వెయ్యం కదా!

కానీ మన మెట్ట ప్రాంతాల్లో ముప్ఫై నలభై ఏళ్ళుగా జరుగుతున్నది దాదాపు ఇదే. నీళ్ళెన్ని ఉన్నాయో చూసుకోకుండా పంట పెట్టడం, చాలకపోతే బోరు మీద బోరు దించడం, పక్క పొలం బోరుకి ఊరే నీటిని మన గొట్టంలోకి లాక్కోవడం. ఇదంతా రైతు తప్పేనని తేలిగ్గా అనేయడానికి లేదు. ఆ కథలో అప్పులున్నాయి, గిట్టని ధరలున్నాయి, పోయిన ప్రాణాలున్నాయి. అయితే అదే నేలమీద, అదే కరువులో కొందరు రైతులు మన బిందెల లెక్కని పొలందాకా తీసుకెళ్ళారు. అందులో ఆడవాళ్ళ చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి మీకు చెప్పాలనే ఈ ప్రయత్నం.

బోరుకో నగ

మా పెద్దమ్మ కూతుర్ని కదిరి దగ్గర ఒక పల్లెకిచ్చారు. అప్పట్లో అది అనంతపురం జిల్లా. 2022లో జిల్లాలు విడదీశాక శ్రీ సత్యసాయి జిల్లా అయింది. పేరేదైతేనేం, వాన మాత్రం మారలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అదీ ఒక వరసలో పడదు. విత్తనం వేశాక నెలరోజులు మొహం చాటేసి, పంట పీకే వేళకి కుండపోతగా కురవడం అక్కడ మామూలే.

మా అక్క అత్తగారి కాలంలో ఎద్దులతో కపిల తోలి బావినీళ్ళు పారించేవారట. తరవాత బావికి మోటారు పెట్టారు. బావి అడుగంటాక బోర్లు మొదలయ్యాయి. ఆ బోర్ల చరిత్ర అక్క నోట వినాలి.

"మొదటి బోరుకి నా గాజులు పోయినాయి మే. రెండోదానికి మా అత్త కమ్మలు. మూడోదానికి పాసుబుక్కు బ్యాంకులో పెడితిమి. అది నీళ్ళు కాదు, వట్టి దుమ్ము లేసింది. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించినాయన మాత్రం ఆయన దుడ్లు ఆయన తీసుకునిపాయ" అని నవ్వుతుంది. ఆ నవ్వులో ఎంత ఏడుపుందో మీకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

దుమ్మెందుకు లేస్తుందంటే, రాయలసీమలోనూ, తెలంగాణలోనూ చాలాచోట్ల నేల కింద ఉన్నది గట్టి నల్లరాయి. నీళ్ళుండేది పైనున్న మెత్తబడిన రాతిపొరలోనూ, ఆ కింద అక్కడక్కడా ఉన్న పగుళ్ళలోనూ మాత్రమే. ఊరంతటికీ కలిపి భూమిలో ఒకటే కుండ ఉందనుకోండి. అందులోకి 10 గొట్టాలు దించినా, 100 దించినా కుండలో నీళ్ళు పెరగవు. ఎవరి గొట్టం లోతుగా ఉంటే వారికే నీళ్ళు. అదీ కొన్నాళ్ళే.

దీన్ని అదుపు చెయ్యడానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వెయ్యాలంటే అనుమతి కావాలంది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అప్పులపాలైన రైతుకి అది పెద్ద ఊరటే. కానీ తోడే నీటికి ఖర్చు లేకపోయేసరికి ఎంత తోడుతున్నామో చూసుకునే అవసరం కూడా లేకుండా పోయింది. చట్టం కాగితం మీద ఉండిపోయింది. బోరు లారీలు రాత్రిపూట తిరుగుతూనే ఉన్నాయి.

రాతి మీద రాసిపెట్టిన మాట

మరి మన పెద్దవాళ్ళు ఏం చేసేవారు? కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకి ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు ఆ శాసనంలో చెక్కించాడు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం. చవిటినేల ఒక దోషం. వాటిలోనే ఇంకొకటుంది: నీరు కొంచెం, పారించాల్సిన నేల ఎక్కువ కావడం!

చూశారా! 650 ఏళ్ళ కిందటే మన రోగం పేరు రాతి మీద రాసిపెట్టారు.

చెరువు కింద నీటి పంపకానికి ఒక మనిషి ఉండేవాడు. సీమలో నీరుగంటి అంటారు, తెలంగాణలో నీరటికాడు. తూము ఎప్పుడు తియ్యాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో ఆయన చూసేవాడు. చెరువు సగమే నిండిన ఏడు ఇంకో కట్టుబాటు ఉండేది. ఆయకట్టు మొత్తం సాగు చెయ్యకుండా, తూము దగ్గరి నేలని అందరికీ దామాషా ప్రకారం పంచి అంతవరకే పంట పెట్టేవారు. తెలంగాణలో దీన్ని తైబందీ అంటారు. అంటే నీళ్ళని బట్టి నేల, అంతేగానీ నేలని బట్టి నీళ్ళు కాదు.

ఆ రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదని అనను. మంచి మడి ఎవరిది, ఎండిపోయే మడి ఎవరిది అన్నది కులాన్ని బట్టీ, పలుకుబడిని బట్టీ ఉండేది. ఆడదాన్ని పంచాయితీకి పిలిచేవారే కారు. కానీ ముందు చెరువుకేసి చూసి, ఆ తరవాతే పంట సంగతి మాట్లాడుకోవడం అన్న పద్ధతి మాత్రం మంచిది. చెరువులో నీళ్ళు కంటికి కనిపిస్తాయి కాబట్టి అది సాధ్యమైంది. బోరులో నీళ్ళు కనపడవే! అసలు చిక్కంతా అక్కడ వచ్చింది.

డ్రమ్ము, గడియారం, ఒక టేపు

కనపడని నీళ్ళని కనపడేట్టు చెయ్యడమెలా? 2003 నుంచి కొన్నేళ్ళపాటు ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రయత్నం జరిగింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600 పైగా పల్లెలు ఇందులో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపిన ఈ కార్యక్రమం పేరు 'రైతుల యాజమాన్యంలో భూగర్భజలాలు'.

ఇందులో పైపులు పంచలేదు, ఎవర్నీ బోరు వెయ్యొద్దని శాసించలేదు. కొలవడం నేర్పారు, అంతే. ఊళ్ళో వానమాపకం పెట్టారు. కొన్ని బావులు, బోర్లు ఎంచుకుని 15 రోజులకోసారి నీళ్ళెంత లోతులో ఉన్నాయో టేపు దించి చూసేవారు. బోరు గొట్టం కింద డ్రమ్ము పెట్టి, అది ఎన్ని సెకన్లలో నిండిందో గడియారం చూసి రాసుకునేవారు. ఊరి గోడమీద బోర్డు రాసి అందరికీ తెలిసేట్టు పెట్టేవారు. మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళు కూడా ఈ కొలతలు తీశారు. బడి చదువు లేనివాళ్ళు సైతం రైతు నీటి బడుల్లో కూర్చుని లెక్క నేర్చుకున్నారు.

ఆ లెక్క మనం కూడా వేసి చూద్దాం. ఎకరం నేలమీద ఒక్క మిల్లీమీటరు వాన పడిందంటే సుమారు 4 వేల లీటర్లు. మన 15 లీటర్ల ప్లాస్టిక్ బిందెలతో 270 బిందెలు! వరి పండాలంటే 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలని అంచనా. అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు, మన లెక్కలో 3 లక్షల 20 వేల బిందెల పైమాటే. వేరుశనగకైతే 500 మిల్లీమీటర్లు చాలు. వరి తాగే నీళ్ళతో దాదాపు రెండున్నర ఎకరాల వేరుశనగ పండుతుందన్నమాట. కొర్రలకి అందులోనూ తక్కువే.

ఇప్పుడు బోరు సంగతి. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే గంటకి 9 వేల లీటర్లు. రోజుకి 7 గంటలు తోడితే 63 వేలు. ఆ లెక్కన ఒక్క ఎకరా వరికి 77 రోజులు ఏకధాటిగా ఆడించాలి. అన్నాళ్ళు బోరు పొయ్యాలి కదా!

రబీకి ముందు ఊరంతా ఒకచోట కూర్చునేవారు. ఈ ఏడు వాన ఇంత, భూమిలోకి ఇంకింది ఇంత, మీరు వెయ్యాలనుకుంటున్న పంటలకి కావలసింది ఇంత, తరుగు ఇంత. ఇంట్లో పొద్దు మనం వేసుకునే లెక్కే! ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ చెప్పలేదు. తరుగు కళ్ళెదుట కనపడ్డాక చాలామంది వాళ్ళంతట వాళ్ళే వరి తగ్గించుకున్నారు. 2010లో మన దేశపు భూగర్భజలాల మీద ప్రపంచబ్యాంకు తెచ్చిన నివేదిక ఈ పల్లెల అనుభవాన్ని మెచ్చుకుంది.

మా అక్కవాళ్ళ ఊళ్ళో కూడా కొన్నేళ్ళు ఈ కొలతలు జరిగాయి. టేపు పట్టినవాళ్ళలో మా అక్క ఒకతె. "మొదట్లో నవ్విరి మే, బావికి జాకెట్టు కొలతలు తీస్తాండావా అని. ఆ యేడు నేను మా ఆయనకి చెప్తి, వరి వద్దు, ఉండే నీళ్ళు ఫిబ్రవరికి రావు అని. నా మాట విన్యాడు. పక్కోళ్ళది పొట్టమీద ఎండిపాయ. మళ్ళీ యేడు నవ్వేటోళ్ళే లేరు."

అయితే నిజం కూడా చెప్పుకోవాలి. కార్యక్రమం ముగిసి, సంస్థలవాళ్ళు వెళ్ళిపోయాక చాలాచోట్ల కొలతలు ఆగిపోయాయి. బోర్డుల మీద రంగు వెలిసిపోయింది. నేర్చుకున్న లెక్క కొందరి తలల్లో ఉండిపోయింది, ఊరి అలవాటుగా నిలవలేదు.

బోరు ఒకరిది, తడి అందరిది

కొలతతోపాటు పంపకం కూడా కుదిరిన ఊళ్ళున్నాయి. అనంతపురం జిల్లా సింగనమల మండలం మదిరేపల్లిలో రైతులు 2000 దశకంలో ఒక మాట మీదికొచ్చారు. కొత్త బోర్లు వెయ్యకూడదు, ఉన్నవాళ్ళు లేనివాళ్ళతో నీళ్ళు పంచుకోవాలి, వరి తగ్గించి ఆరుతడి పంటలు వెయ్యాలి. ఇంకొన్ని పల్లెల్లో విడివిడిగా ఉన్న బోర్లని భూమిలో పాతిన పైపులతో ఒకదానికొకటి కలిపారు. ఎవరి బోరు ఎండినా ఆ పైపులోంచి వాళ్ళ పొలానికి వంతు ప్రకారం నీళ్ళు వస్తాయి.

బోరున్నవాడు దీనికెందుకు ఒప్పుకుంటాడు? దానం కాదండీ, అతనికీ లాభం ఉంది. పంచుకోకపోతే పక్కవాడు రేపు తన గట్టు పక్కనే ఇంకా లోతైన బోరు దించుతాడు. అప్పుడు ఇద్దరివీ ఎండుతాయి. నీళ్ళిచ్చి కొత్త బోరు ఆపుకుంటే తన బోరు నాలుగు కాలాలపాటు బతుకుతుంది.

ఇక్కడే రక్షక తడి సంగతి చెప్పాలి. సీమలో వేరుశనగ ఎక్కువగా వానమీదే పండుతుంది. ఊడలు దిగేటప్పుడూ, కాయ ఊరేటప్పుడూ వాన మొహం చాటేస్తే పెట్టుబడంతా మట్టిపాలు. ఆ సమయానికి ఒక్క తడి, 25 మిల్లీమీటర్లు ఇవ్వగలిగితే పంట నిలబడుతుంది. ఎకరా వరికి పెట్టే నీళ్ళని ఈ లెక్కన విడదీస్తే 48 ఎకరాలకి ఒక్కో తడి! దారిలో పోయేది పోగా 40 ఎకరాలైనా దక్కుతాయి. 2016 ఆగస్టులో అనంతపురం జిల్లాలో వేరుశనగ వాడిపోతుంటే ప్రభుత్వమే రెయిన్‌గన్‌లతో ఈ తడులిప్పించడానికి పూనుకుంది. ట్యాంకర్లు పరుగులు పెట్టినా అందినవాళ్ళకి అందింది, లేనివాళ్ళకి లేదు. పైపుల బంధం ముందే ఉన్న ఊళ్ళో ఆ హడావుడి అక్కర్లేదు.

పైపులు చేసే మేలు

మరి డ్రిప్పు సంగతో అంటారా? డ్రిప్పు మంచిదే. కాలువలో పారిస్తే దారిలో ఇంకేదీ, ఎండకి ఆవిరయ్యేదీ ఆగి, బొట్టుబొట్టుగా మొక్క మొదట్లోనే పడుతుంది. నీళ్ళు మూడోవంతు నుంచి సగందాకా మిగులుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మసేద్యం పథకం పెట్టి రాయితీ మీద ఇవ్వడం మొదలుపెట్టాక సీమలో చీనీ, దానిమ్మ, మామిడి, టమాటా తోటల్లోకి ఇది బాగా పాకింది.

ఆడవాళ్ళకి ఇంకో మేలు జరిగింది. రాత్రి కరెంటు రోజుల్లో అర్ధరాత్రి లేచి మడవ తిప్పడానికి వెళ్ళేవారు. చీకట్లో పాములు, తేళ్ళు, బురదలో కరెంటు తీగలు. మొగుడు వెళితే గుమ్మంలో కూర్చుని తెల్లవార్లూ ఎదురుచూపు. మొగుడు వలసపోయిన ఇళ్ళలో ఆ పని కూడా ఆమెదే. డ్రిప్పుకి వాల్వు తిప్పితే సరి.

కానీ పని లేకుండా పోలేదు. ఫిల్టరు కడగాలి. ఉప్పునీళ్ళయితే రంధ్రాలు పూడుకుపోతాయి, ఆసిడ్ పెట్టి శుభ్రం చెయ్యాలి. ఎండాకాలంలో దప్పికగొన్న ఉడతలు పైపులు కొరికేస్తాయి. చుట్టుపక్కల నేల తడవదు కాబట్టి కలుపు తగ్గుతుంది. భూమి ఉన్న ఇల్లాలికి అది సుఖం. కలుపు కూలితో పొయ్యి వెలిగించుకునే ఇల్లాలికి మాత్రం కొన్ని రోజుల కూలి పోయినట్టే.

అన్నిటికన్నా పెద్ద మెలిక ఇంకొకటుంది. డ్రిప్పుతో మిగిలిన నీళ్ళు భూమిలో ఉంటున్నాయా? ఉండవు. రెండెకరాలకి చాలే నీళ్ళు నాలుగెకరాలకి చాలుతున్నాయి కదా అని ఇంకో రెండెకరాలు తోట వేస్తాం. మోటారు అన్ని గంటలూ తిరుగుతూనే ఉంటుంది. రైతుకి రాబడి పెరుగుతుంది, సంతోషమే. కుండలో నీళ్ళు మాత్రం మిగలవు. పైపు నీటిని జాగ్రత్తగా వాడుతుంది గానీ, ఎంత తోడాలో అది చెప్పలేదు. అది ఊరే చెప్పాలి.

వరి మానలేని చోట

కాలువల కింద, చెరువుల కింద వరి తప్పదు. ఆ వరికే నీళ్ళు తగ్గించే దారులున్నాయి. శ్రీ వరి 2003 ఖరీఫ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ద్వారా మన జిల్లాల్లోకి వచ్చింది. 8 నుంచి 12 రోజుల లేత నారుని 25 సెంటీమీటర్ల ఎడంలో ఒక్కొక్క మొక్కగా నాటాలి. మడిలో నీళ్ళు నిలవ ఉంచరు. నీళ్ళూ విత్తనమూ బాగా ఆదా. కానీ అంత లేత మొక్కని వేళ్ళతో పట్టి నాటే ఓపిక, నీళ్ళు లేనందువల్ల లేచే కలుపుని వీడరు తోసి తొక్కే శ్రమ ఎవరివో ఆలోచించండి. నాట్లు వేసేది మనవాళ్ళే కదా! ఆ శ్రమకి తగ్గ కూలి ఇవ్వనిచోట అది నిలవలేదు.

దానికన్నా తేలికది ఇంకొకటి ఉంది. బెజ్జాలు పెట్టిన గొట్టం ముక్కని మడిలో పాతుతారు. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్ళీ తడి పెడతారు. పూతదశలో మాత్రం ఆరనివ్వరు. పైన ఆరినట్టు కనిపించినా, వేళ్ళకి కింద తడి ఉందని ఆ గొట్టం ధైర్యం చెబుతుంది.

కాగితం ఎవరి పేరున?

ఇంతకీ నాకనిపించేదేమంటే, నీటి ఎద్దడికి అసలు మందు పైపుల దుకాణంలో దొరకదు. ముందు నీళ్ళు కొలవాలి, తరవాత పంట ఎంచుకోవాలి, ఆ ఎంపిక అందరూ కూర్చుని చెయ్యాలి. పైపులు, గన్‌లు ఆ తరవాత. ఇంట్లో ఈ వరస మనకి అలవాటే. పొలం దగ్గరికొచ్చేసరికి మనల్ని అడిగేవారుండరు.

ఎందుకంటే కాగితం మన పేరున ఉండదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ళ నిర్వహణలో ఉన్న కమతాలే దాదాపు 14 శాతం. డ్రిప్పు రాయితీకి దరఖాస్తు పెట్టాలంటే భూమి కాగితం కావాలి. పొద్దస్తమానం పొలంలో ఉండే మనిషికి అది లేకపోతే, పంట ఎంపికలో ఆమె మాట సలహాగానే ఉండిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన వాటా 1986 చట్టంతోనే వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. మనలో ఎంతమందిమి ఆ వాటా ఊసెత్తాం?

పట్నంలో ఉన్న మనకిదంతా ఎందుకనుకోకండి. మనలో చాలామందికి పుట్టింటివైపో, అత్తింటివైపో ఊళ్ళో రెండెకరాలైనా ఉంటుంది. కొత్త బోరు మాట ఫోన్లో మన చెవిన పడుతూనే ఉంటుంది. "ఎంత ఖర్చవుతుంది?" అని అడిగి ఊరుకుంటాం. ఈసారి ఇంకో మాట కూడా అడగండి. "ఊళ్ళో నీళ్ళిప్పుడు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి? ఎవరైనా కొలిచారా?" అని. బజారుకి వెళ్ళినప్పుడు ఒక కిలో కొర్రలో, రాగులో సంచిలో వేసుకోండి. తక్కువ నీళ్ళతో పండించిన పంటకి ధర వస్తేనే రైతు దాని జోలికి వెళ్ళగలడు.

మొన్న మా అక్క కోడలు అడిగిందట, "అత్తా, ఆ టేపు ఇంగా ఉందా?" అని. అటక మీదనుంచి తీసి తుడిచి ఇచ్చిందట అక్క. నగ లేదు కానీ కోడలికి ఇవ్వడానికి ఇదైనా మిగిలింది మే అంది. అందుకే ఈ నాలుగు మాటలూ మీతో పంచుకోవాలనిపించింది.